కుప్పం పెండ్లికి కెనడా పాట

పుంగనూరు,
6-5-1984, ఆదివారం

మదనపల్లె పోస్టాఫీసులో సార్టరుగా ఉండే శ్రీ లక్ష్మీపతి గారికి, పుంగనూరు బ్యాండు మేళం వజీర్ సలాము చేసి రాసుకునే మనవి.

పైవాడి దయతో ఈడ నేనూ, జైనాబూ, మా అమ్మ అజీజాబీ తిని తిరగతా ఉండాము. ఆడ మీరూ, ఇంట్లో శాంతమ్మ గారూ అట్లే ఉండారని తలుస్తాను.

మీరు అని రాసినాను గానీ లక్ష్మీపతీ, చెయ్యి ఒప్పుకోవడం లేదు. రెండేండ్లు మాటల్లేకుండా ఉన్నంత మాత్రాన నువ్వు మీరైపోతావా? ఇంక నువ్వు అనే రాస్తాను. కోపమొస్తే చించేయి, కానీ చివరిదాకా చదివి చించు. నాకొక సలహా కావాల. ఈ జిల్లాలో అది చెప్పగలిగినోడివి నువ్వొక్కడివే, యాలంటే అది ఆ పాట సంగతి.

ఈ పొద్దు తెల్లారి నమాజు అయినాక ఎప్పటిలాగే రేడియో పెట్టినాను. కెనడా స్టేషన్లో పాటలు వినిపించే మన అమ్మ ఒక కొత్తోడిని వినిపించింది. గోధుమ చేల నడుమ ఏదో చిన్న ఊర్లో రైలు పట్టాలు బాగుచేసే మనిషంట. చేతిలో గిటారు ఒక్కటే. పాట మధ్యలో నిజంగానే రైలు పోయింది, ఆయన ఆపకుండా ఆ చప్పుడుతోనే రికార్డు చేసేసినాడు. నాకు నవ్వొచ్చి నీతో చెప్పబోయి పక్కకు తిరిగినాను. పక్కన ఎవరుండారు? ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది. మిగతా సగం చెప్పేవాడివి నువ్వే.

మనం కలిసింది రేడియో లైసెన్సు కాడ. మా మామ కోలారు గనుల్లో పనిచేసి తెచ్చిన సెట్టుకు లైసెన్సు కట్టడానికి పుంగనూరు పోస్టాఫీసుకు వస్తే, కిటికీ అవతల నుంచి నువ్వు ముద్ర వేయడం మానేసి, ఈ సెట్టులో షార్టువేవు ఎంత దూరం పలుకుతుందప్పా అని అడిగినావు. ఆ వారమే మా ఇంటికొచ్చినావు. ముల్లు తిప్పతా తిప్పతా ఉంటే ఆ ఈలల నడుమ కెనడా దొరికింది. ఏ కంపెనీ గడపా తొక్కకుండా సొంతంగా పాటలు కట్టి, సొంతంగా రికార్డు చేసుకునేవాళ్లను, ఇంకా పేరు రానివాళ్లను వెతికి వారానికొకసారి వినిపించేది ఆమె. ఒకరు బడి గదిలో పాడినారు, ఒకరు పిండి మిల్లులో. ఇద్దరు అక్కాచెల్లెండ్లు ఫ్రెంచిలో పోట్లాడుకుంటా పాడినారు. మంచు తప్ప ఏమీ లేని ఉత్తరపు కొసన ఒకాయన డప్పు కొట్టుకుంటా వాళ్ల సొంత భాషలో పాడినాడు, మాట ఒక్కటీ తెలియకపోయినా మనిద్దరం మంచం మీద కదలకుండా కూర్చున్నాము. అప్పుడు నువ్వనేవాడివి, వజీరూ, ఈ పాట వాళ్ల దేశంలోనే ఇంకా ఎవరికీ తెలీదు, పుంగనూరులో మనకు తెలుసు అని. ఆ మాటకు ఇద్దరం దినమంతా గొప్పగా తిరిగేవాళ్లం.

వాళ్లందరిలోకీ నార్త్ షెడ్ అనే ఆ నలుగురు మనవాళ్లయిపోయినారు. తూర్పు సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. పడవలు బాగుచేసే కొట్టంలో పాడుకునేవాళ్లు. నువ్వు రాసిన ఉత్తరానికి ఆరునెలలకు క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద పడవ బొమ్మ చేత్తో గీసి రంగేసినారు. పాడే ఆమె ఈలీన్, మా పాట ఇంత దూరంలో విన్నవాళ్లు మీరే మొదలు అని రాసింది. పడవలో పోయి తిరిగి రాని ఆరుగురి కోసం కట్టిన పాట అందులోనే ఉండాది.

దాన్నే నేను బైరెడ్డిపల్లె పెండ్లి ఊరేగింపులో క్లారినెట్ మీద ఎత్తుకున్నాను. జనం ఎగిరినారు, ఈలలేసినారు. నువ్వు ఆ పెండ్లికి వచ్చి ఉన్నావని నాకు తెలీదు. చచ్చినోళ్ల పాటకు తాగినోళ్లను ఎగరేస్తావా, నీకు వినిపించడమే నేను చేసిన తప్పు అని నువ్వన్నావు. బీరువాలో పెట్టి తాళమేస్తే పాట బతుకుతుందా అని నేనన్నాను. నీకు మదనపల్లెకు బదిలీ అయిందని కూడా పోస్ట్‌మేన్ చెబితేనే తెలిసింది. ఈ పొద్దుకూ నేనన్నదే నిజమనుకుంటాను. నీది నువ్వట్లే అనుకుంటావు. అది అట్లుండనీ.

ఇప్పుడు అసలు సంగతి. కుప్పం ఊరి చివర ఒక పేట ఉండాది. పై వీధి, కింది వీధి అని రెండు వీధులు. ఎన్నికలప్పటినుంచి వాళ్లకు పడదు. ఆ ఎన్నికల్లో రెండు పక్షాలవాళ్లూ తెలిసిన పాటలన్నిటికీ మాటలు మార్చి, మైకుల్లో ఒకరినొకరు తిట్టుకుంటా పాడినారు. ఒక్క పాట మిగల్లేదు లక్ష్మీపతీ. సినిమా పాట, భజన పాట, ఆఖరికి జోలపాట కూడా. ఇప్పుడు ఏది ఎత్తుకున్నా ఒక వీధికి అది బూతే. పోయిన ఏడు జాతరలో ఒక బ్యాండు తెలియక అట్లాంటిది ఒకటి వాయిస్తే రాళ్లు లేచినాయి. మునెమ్మ అనే ఆమె కొడుకు రెడ్డెప్ప, ఏ పక్షమూ కానోడు, పాలు పోసి ఇంటికొస్తాంటే తలకు తగిలి ఆడనే పోయినాడు. మునెమ్మ ఇల్లు రెండు వీధులూ కలిసే చోటుండాది. తన గడప ముందర మేళమనేదాన్ని పోనివ్వనని ఆమె ఒట్టుపెట్టుకుంది. అప్పటినుంచి ఆ పేటలో పెండ్లిండ్లన్నీ మూగగా జరగతాండాయి.

పై వీధిలో గోవిందరాజులని చింతపండు వ్యాపారి. ఆయన కూతురు అమరావతిని కింది వీధి రాజగోపాల్‌కు ఇస్తాండాడు. పిల్లా పిల్లోడూ ఇష్టపడినారు. దీంతోనైనా గొడవ చల్లారుతుందని పెద్దోళ్లు సరేనన్నారు. కానీ మేళం లేకుండా దొంగల మాదిరి పిల్ల ఇంటికి పోతామా అని పెండ్లికొడుకువాళ్లు పట్టుపట్టినారు. కుప్పంలో ఏ బ్యాండూ ఒప్పుకోలేదు. మా బ్యాండు మాస్టరు వహాబ్ సాబ్ పోయినాక మన బ్యాండు నా మీద పడింది కదా, ఊరి సంగతి తెలియక నేను తాంబూలం తీసుకున్నాను. తెలిసినాక తిరిగి ఇచ్చేద్దామని పోతే గోవిందరాజులు నా చేతులు రెండూ పట్టుకున్నాడు. అప్పా, నువ్వు రాకపోతే పెండ్లి నిలిచిపోతుంది, ఇది నిలిస్తే ఇంకెన్ని తలకాయలు పగులుతాయో అన్నాడు. ఆడనుంచి ఎస్సై పిలిపించినాడు. పొద్దుండగానే ఊరేగింపు అయిపోవాల, ఆ ఊరోళ్లు గుర్తుపట్టే పాట ఒక్కటి వాయించినా మొదట నిన్నే లోపలేస్తా అన్నాడు.

జైనాబ్ నాతో సరిగా మాట్లాడడం లేదు. బ్యాండులో వాళ్లందరికీ పెండ్లాం బిడ్డలుండారు. నాకు అన్నం సయించడం లేదు.

ఆ ఊర్లో ఎవరూ గుర్తుపట్టని పాట నాకు తెలిసింది ఒకటే. పద్దెనిమిదో తేదీ శుక్రవారం ఊరేగింపు. నీ అనుమతి అడగడం లేదు, పాట నీదీ కాదు, నాదీ కాదు. కానీ ఒక గడప ముందర ఊదాల. ఆ గడపలో కొడుకు పోయిన తల్లి ఉంటుంది. ఆ చోట ఎట్లా ఊదాలో నాకు తెలీదు. క్యాసెట్టు నీ కాడుండాది. ఒకసారి విని చెప్పు.

జవాబు కోసం కాచుకోనుండే
వజీర్


మదనపల్లె,
10-5-1984

వజీర్‌కు,

క్షేమం. నీ క్షేమం సంగతి నీ ఉత్తరం చదివాక అడగడానికే భయంగా ఉంది.

నీ చేతిరాత సార్టింగు బల్ల మీదనే గుర్తుపట్టాను. అక్కడే చించి చదవొచ్చు. చదవలేదు. అందరి ఉత్తరాలతో పాటు గూట్లో వేసి, పోస్ట్‌మేన్ ఇంటికి తెచ్చి ఇచ్చేదాకా ఆగాను. అంత కోపం ఇంకా ఉంది. నీకు తెలియడానికే రాస్తున్నాను.

ముందుగా చెప్పేది, పోవద్దు. నీకు జబ్బుచేసిందని ఎస్సైకి చెప్పు, బస్సు చెడిపోయిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పి మానుకో. ఇది రాస్తూనే నువ్వు మానుకోవని నాకు తెలుసు. కాబట్టి మిగతాదీ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆ క్యాసెట్టు పెట్టాను. ఇన్నాళ్లూ పెట్టలేదు. శాంతమ్మ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. నువ్వు బైరెడ్డిపల్లెలో వాయించిన దానికీ దీనికీ తేడా రాగంలో లేదు, నడకలో ఉంది. ఈలీన్ మొదటి చరణం ఒంటరిగా ఎత్తుకుంటుంది. మంచు మీద కాలు జారకుండా నడిచేవాళ్లలా, అంత నిదానంగా. రెండో చరణానికి ఫిడేలు కలుస్తుంది. డ్రమ్ము మూడో చరణానికి గానీ రాదు. వచ్చాక మాత్రం వేగం పెరుగుతుంది, చివరికి కాలు ఆగనంత వేగం. ఆ చివరి భాగం నేను మరిచిపోయాను. లేదా వినదలచుకోలేదేమో. ఆమె మనకు రాసిన ఉత్తరం కూడా తీసి చూశాను. మా ఊరివాళ్లు పోయినవాళ్లను తలుచుకునే రోజున ఈ పాటకు చివర్లో అందరూ ఆడతారు అని రాసింది. ఇద్దరం చదివిన ఉత్తరమే. ఇద్దరికీ గుర్తులేదు.

అందుచేత, ఆ గడప దగ్గరికి రాగానే డ్రమ్ములు ఆపించు. నువ్వొక్కడివే ఊదు. తొందరపడకు. గడప దాటాకే వాళ్లను కలుపుకో.

క్యాసెట్టు పుంగనూరు బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. ఎండ తగలనివ్వకు. రాళ్లు లేస్తే క్లారినెట్ సంగతి చూడకుండా పరుగెత్తు. నడక చెప్పినవాణ్ని నేను. నా మాట పట్టుకుని పోయి నీకేమైనా అయితే ఆ తర్వాత నేను ఏ పాటా వినలేను. ఇది కోపం తగ్గి రాస్తున్న మాట కాదు.

ఊరేగింపు అయిన వెంటనే ఒక కార్డు ముక్క రాయి.

లక్ష్మీపతి


పుంగనూరు,
27-5-1984, ఆదివారం

ప్రియమైన లక్ష్మీపతికి, నీ వజీర్ ఆలింగనం చేసుకుని రాసేది.

ఈడ అందరం బాగుండాము. కార్డు ముక్క రాయమన్నావు, ఇన్నాళ్లు ఆలస్యం చేసినాను. పెండ్లిండ్ల కాలం, ఊర్లమ్మట తిరగడంతోనే సరిపోయింది. అందుకే కార్డుకు బదులు ఇంత పొడుగు ఉత్తరం రాస్తాండాను.

క్యాసెట్టు అందిన దినమే బ్యాండు వాళ్లందరినీ మా ఇంట్లో కూర్చోబెట్టి వినిపించినాను. ట్రంపెట్ ఊదే పాపన్న నీకు తెలుసు కదా, మనకన్నా పెద్దోడు, ఏ కొత్త పాటా ఒకపట్టాన మెచ్చడు. ఇది పెండ్లికా, చావుకా అని అడిగినాడు. రెండింటికీ అన్నాను. అయితే నేను నేర్చుకోను, రెంటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదు అని ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లు నేర్చుకున్నారు. ఆయన దినమూ వచ్చేవాడు, వినేవాడు, ఊదేవాడు కాదు.

శుక్రవారం మధ్యాన్నానికి కుప్పం చేరినాము. పేటలోకి పోయినాము. తలుపులన్నీ మూసుండాయి. అరుగుల మీద మాత్రం మగోళ్లు కూర్చోనుండారు, ఏ పనీ లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా. రోడ్డు వేయడానికని తోలిన కంకర రెండు వీధుల మొదట్లోనూ కుప్పలుగా పోసి ఉండాది. ఆ కుప్పల కాడ ఒక్కొక్క పోలీసోడు. గోవిందరాజులు మమ్మల్ని చూసి ఎదురొచ్చి, చేత్తోనే జీపు పక్కకు దారి చూపించినాడు. పెండ్లికొడుకు రాజగోపాల్ టాపు లేని జీపులో కూర్చున్నాడు. బాసికం కింద చెమట కారతాంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయినాడు.

కింది వీధిలో మొదలుపెట్టినాము. నేను పాట ఎత్తుకున్నాను. అరుగుల మీదోళ్లు ఒక్కసారిగా తలలు ఎత్తినారు. ఏదని పోల్చుకోవడానికి చూస్తాండారు. ఏ సినిమాదిరా ఇది అని ఒకడు అడిగితే పక్కోడు తల అడ్డంగా ఊపినాడు. ఒక ముసలాయన జీపుకు అడ్డం వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇది వాళ్లది కాదు కదప్పా అన్నాడు. కాదు తాతా, కెనడా పాట అన్నాను. ఓహో, కన్నడ పాటా అని ఆయన వదిలేసినాడు. ఆ మాట మాకన్నా ముందే వీధి పొడుగునా పరుగెత్తింది, కన్నడ పాటంట, కన్నడ పాటంట అని. మన పక్కన కన్నడం రానోడెవడు? కోలారు నుంచి వచ్చిన చుట్టమొకడు లేచి, కన్నడంలో ఇట్లాంటి పాట లేనే లేదు, తెలియని పాట పెట్టి లోపల్లోపల మనల్ని తిడతాండారేమో సూడండి అని అరిచినాడు. అరుగుల మీదనుంచి నలుగురైదుగురు దిగినారు. నా వేళ్లు చెమటకు జారిపోతాండాయి. ఎస్సై నా పక్కకొచ్చి, ఏం పాటయ్యా ఇది అని పండ్లు కొరికినాడు. నేను ఆపకుండానే కండ్లతో మీరే చెప్పండి సార్ అన్నట్టు చూసినాను. ఆయన కాసేపు విని, నాకూ తెలీదు అన్నాడు. ఆ ముక్క ఆయన గట్టిగా అనడం మంచిదైంది. ఎస్సైకే తెలీదంట అని దిగినోళ్లు మళ్లీ అరుగెక్కినారు.

వీధులు కలిసే చోటికొచ్చినాము. మునెమ్మ గడపలో లేదు. నడిరోడ్డు మీద కాళ్లు చాపుకుని కూర్చోనుండాది.

జీపు ఆగింది. వెనకాల కింది వీధి, ముందర పై వీధి, నడుమ మేము, ఆమె. ఎవరూ ఆమెను లెమ్మనలేదు. నువ్వు చెప్పినట్టే నేను చెయ్యెత్తి డ్రమ్ములు ఆపించినాను. ఒక్కడినే మొదటి చరణం ఊదినాను. ఎంత నిదానంగా అంటే, నా ఊపిరి సరిపోతుందో లేదోనని నాకే భయమేసింది. ఆమె నన్ను చూడలేదు. నేల చూస్తానే ఉండాది. చరణం అయినాక, ఇది ఎవురి పాటప్పా అని అడిగింది.

క్లారినెట్ తీసి చెప్పినాను. చానా దూరంలో సముద్రం పక్కనుండేవాళ్లదమ్మా, వాళ్లోళ్లు ఆరుమంది పడవలో పోయి తిరిగి రాలేదు, వాళ్లకోసం కట్టుకున్నారు అని.

వాళ్ల అమ్మలుండారా అని అడిగింది. ఉండారంటమ్మా అన్నాను.

చాపిన కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. ఆమె నెమ్మదిగా, నా కొడుకును ఎత్తుకుపోయేటప్పుడు పలక మేళం కూడా పెట్టలేదు, ఏం కొడితే ఎవురికి కోపమొస్తుందోనని మూగగా మోసుకుపోయినారు, వాడొక దిక్కులేనోడి మాదిరి పోయినాడు అన్నది. అని నా మొగం చూసి, మళ్లా మొదట్నించి ఊదు నాయనా, ఈసారి వానికి అన్నది.

ఊదినాను. మొత్తం పాట ఊదినాను, డ్రమ్ము లేకుండా, ఎవరినీ కలుపుకోకుండా. కింది వీధి అరుగు మీద ఒక మగోడు తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. పై వీధి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, ఆడోళ్లు బయటికొచ్చినారు. పాట అయినాక మునెమ్మ చెయ్యి నేలకానించి లేచింది. జీపు పక్కకొచ్చి రాజగోపాల్ బాసికం సరిచేసింది. పోనీండి, ఆ పిల్ల ఎదురుసూస్తా ఉంటాది అన్నది.

గడప దాటినాక డ్రమ్ములు కలిపినాను. పై వీధిలోకి పోయేసరికి నడక పెరిగింది. ఆడపిల్లలు చప్పట్లు మొదలుపెట్టినారు. అప్పుడు యాడనుంచో ఒక రాయి వచ్చింది. ఎవరేసినారో తెలీదు. మా సైడు డ్రమ్ముకు తగిలి చర్మం చినిగింది. అంతే. మనుషులకెవరికీ ఏమీ కాలేదు. నేను ఆపకుండా గోవిందరాజులు ఇంటి పందిరి దాకా ఊదుకుంటానే పోయినాను. మరుసటి దినం తెల్లారి తాళి కట్టినాడు. పై వీధోళ్లు, కింది వీధోళ్లు ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారంట.

కాబట్టి నీ మనసులో ఏమీ పెట్టుకోవద్దు. నడక సరిగ్గా చెప్పినావు. నువ్వు చెప్పకుంటే నేను ఆ గడప కాడ పెండ్లి నడకలోనే ఊదేవాడిని, ఆమె నన్ను దాటనిచ్చేది కాదు.

క్యాసెట్టు జాగ్రత్తగా ఉండాది, పంపతాను. నన్ను చూడడానికని ఇప్పుడు పుంగనూరు రావద్దు, నేను ఊర్లో ఉండను. వానలు పడినాక నేనే మదనపల్లె వస్తాను. శాంతమ్మ గారికి నా సలాములు చెప్పు.

ఎప్పటికీ నీ
వజీర్


తా.క.

లక్ష్మీపతన్నకు జైనాబ్ సలాములు. ఇక్కడినుంచి రాస్తాండేది నేను. నా తెలుగు అయిదో తరగతిది, తప్పులుంటే సర్దుకో.

ఆయన ఈ కవరు నా చేతికిచ్చి, పుంగనూరు బస్సులో పోయేవాళ్లకిచ్చి ఆడ డబ్బాలో ఏయించమన్నాడు. నేను ఈడనే వేస్తాండాను. ఈడ అంటే మదనపల్లెలో. పెండ్లి ఊరేగింపు దినం రాత్రి నుంచి మేము ఈ ఊరి ఆసుపత్రిలోనే ఉండాము. నీ పోస్టాఫీసుకు నడిచి రావచ్చు.

రాయి డ్రమ్ముకు తగల్లేదన్నా. ఆయన మూతికి తగిలింది, క్లారినెట్ నోట్లో ఉండంగానే. ముందరి పండ్లు పోయినాయి. పై పెదవి చీలింది, కుట్లు వేసినారు. ఇంక క్లారినెట్ ఊదేదానికి కాదని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పినాడు. నేను ఆయనతో అనలేదు. అయినా ఆయనకు తెలుసు.

పందిరి దాకా ఊదుకుంటా పోయింది ఆయన కాదు. ఆయన పడిపోతానే మేళం ఆగిపోయిందంట. రెండు వీధులోళ్లూ కంకర కుప్పల మీద పడి చేతులనిండా తీసుకున్నారంట, పోలీసోళ్లు పక్కకు జరిగినారంట. అప్పుడు పాపన్న ట్రంపెట్ ఎత్తినాడు. యాడ ఆగిందో ఆడనుంచే ఎత్తుకున్నాడు. నేర్చుకోనన్న మనిషి, ఒక్క తప్పు పోలేదంట. మునెమ్మ తన కొంగు చించి మా ఆయన మూతికి కట్టి, ఆయన్ను జీపులో పెండ్లికొడుకు పక్కన ఎక్కించి, తాను జీపు ముందర నడిచింది. ఆమె ముందర నడస్తాంటే ఎవరి చెయ్యీ లేవలేదు. పెండ్లి జరిగిన మాట నిజమే.

మొన్న పై వీధి పెద్దలు పండ్లు తెచ్చినారు, రాయి మాది కాదు అన్నారు. వాళ్లు పోయినాక కింది వీధోళ్లు వచ్చి అదే మాట అన్నారు. ఆయన ఇద్దరికీ తలూపినాడు.

నడక నువ్వు చెప్పినావు కాబట్టి తెలిస్తే నీ మీద వేసుకుంటావని, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఒట్టు తప్పతాండాను. నిన్ను అనడానికి కాదన్నా. ఈ పొద్దు తెల్లారి ఇంటినుంచి తెచ్చిన రేడియో పెట్టబోతే, వద్దని చేత్తో ఆపి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేడియో పక్కనుండీ వినని ఆదివారం ఇన్నేండ్లలో ఇదే. ఊదలేకపోతే మాత్రం వినకూడదా? నేనంటే వినడం లేదు. నువ్వనాల.

మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. సాయంత్రం నాలుగు దాటితే లోపలికి వదుల్తారు. కోపంగానే రా అన్నా. జాలి పడేవాళ్లు చానామంది వచ్చి పోయినారు.